కల్కి చలనచిత్రమునందలి పూర్వాపరవిరోధములు – ప్రేక్షకుల సమాధానములు

పాలకొల్లు క్షీరారామము పంచారామములలో నొకటి. ఇచ్చటి లింగమును గూర్చి రెండు కథలు వాడుకలో నున్నవి. తారకాసురుని కంఠమందుండిన యమృతలింగము కుమారస్వామిచే భిన్నమై యైదు తావులఁ బడఁగా నందలి యొక శకలమే యిది యనునది మొదటి కథ. పాలకై యేడ్చిన యుపమన్యుఁడను బాలుఁడు శివుని వేఁడఁగా నాతఁడు త్రిశూలముతో నేలను గ్రుచ్చి క్షీరమును రప్పించె ననునది రెండవ కథ. ఉపమన్యుని వృత్తాంతము భారతమున ఆనుశాసనికపర్వమునఁ గలదు; పిండి కలిపిన నీటిని పాలని తల్లి యిచ్చుటయు, పిమ్మట శివుఁడు వానికిఁ బాలసముద్రమునే యొసఁగుటయు నందుఁ జెప్పఁబడినవి. పాలకొల్లు ప్రస్తావము మాత్ర మందు లేదు. ఈ రెండు కథలును ఒక దాని నొకటి యెఱుఁగనట్లే యుండును. మొదటిది లింగమునకును, రెండవది యూరిపేరునకును గారణము చెప్పుచున్నవని విభజించినచో విరోధము తొలఁగును. ఇట్టి సమన్వయము పండితులకు నిత్యకృత్యము. నేఁడు సినిమా చూచినవారును దీనినే చేయుచున్నారు. తాము చేయునది యిది యని వా రెఱుఁగరు.

పాలకొల్లు చలనచిత్రములకుఁ గ్రొత్త గాదు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ఈ యూరివారే. పొరుగున నున్న మొగల్తూరు కృష్ణంరాజుగారి స్వస్థలము. ఆయన తమ్ముని కుమారుఁడగు ప్రభాస్ నాయకుఁడుగా, నాగ్ అశ్విన్ దర్శకత్వమున, వైజయంతీ సంస్థ నిర్మించిన ‘కల్కి 2898 ఏ.డీ.’ అను చిత్రము 2024 జూన్ 27వ తేదీని విడుదలయ్యెను. ఇది కథాపరంపరకు మొదటి భాగముగా నుద్దేశింపఁబడినది. కురుక్షేత్రమునఁ గథ మొదలై యాఱువేల యేండ్లకు దుర్దశాపన్నమైన లోకమునకుఁ బోవును. గంగ యెండిపోయినది; మిగిలిన నగరము కాశి యొక్కటే; దానిమీఁద నాకాశమునఁ దేలుచుండు కాంప్లెక్సునందు యాస్కిన్ అనువాఁడు సకలసంపదలను బంధించి యేలుచుండును. అచ్చటి ప్రయోగశాలలో ‘సమ్-80’ అను సంకేతము మాత్రమే పేరుగాఁ గల యొక స్త్రీ గర్భమునఁ గల్కి యున్నాఁడని తేలును. ఆమెను రక్షింపవలసినవాఁడు అశ్వత్థామ. ధనమునకై యామెను బట్టి యీయఁజూచువాఁడు భైరవుఁడు.

కథలో నతుకని చోట్లకుఁ బ్రేక్షకులు చెప్పుకొనిన సమాధానములు పెక్కులు. వానిని దూషించుటకంటెఁ బరీక్షించుట మేలు. పగలు భుజింపని దేవదత్తుఁడు బలిసియున్నాఁడనఁగా, రాత్రి భుజించుచున్నాఁడని కల్పించుకొనుట మీమాంసకుల యర్థాపత్తి. చెప్పఁబడినది నిలువవలెనన్నఁ జెప్పఁబడనిదేదో యుండితీరవలెను, అంతమాత్రమునే యూహింపవలెను. మూలము లేనిదియు ననపేక్షితమైనదియు వ్రాయనని మల్లినాథుఁడు చేసిన ప్రతిజ్ఞకును సారమిదియే. ఈ కొలతకు నిలిచిన సమాధానములును గలవు, నిలువనివియుఁ గలవు.

మొదట సంవత్సరసంఖ్య. కలియుగారంభము క్రీస్తునకుఁ బూర్వము 3102. 3102ను 2898ని గూడినచో సరిగా 6000 వచ్చును. కాని క్రీస్తుశకమున సున్నయను వత్సరము లేదు. కావునఁ బంచాంగకర్త లెక్కలో 2898 నాఁటికి గతకలి 5999 మాత్రమే. నడచుచున్నది యాఱువేలవ యేఁడని యన్నచో దోషము లేదు. భారతయుద్ధమునకుఁ బిమ్మట ముప్పదియాఱవ యేఁట యాదవనాశము జరిగెనని మౌసలపర్వము చెప్పుటచేతను, కలిప్రవేశము కృష్ణనిర్యాణముతోనని పురాణములు చెప్పుటచేతను, కురుక్షేత్రమునుండి యెంచినచో మఱి ముప్పదియాఱేండ్లు చేరును. ఇవి చిన్న తప్పులు; సినిమా కంతటి గణితము నపేక్షించుట యన్యాయము.

పెద్ద విరోధము వేఱొకటి. కలిప్రమాణము 4,32,000 సంవత్సరములు. అందు నాఱువేలు గడచినంతనే కల్కి యేల రావలెను? దీనికిఁ గొందఱు 1894లో శ్రీయుక్తేశ్వరగిరి ప్రకటించిన లెక్కను శరణు వేఁడుదురు. ఆయన మతమునఁ గలి 1200 సంవత్సరములే. కాని యా లెక్కనే తుదిదాఁకఁ బట్టినచో నారోహణద్వాపరము క్రీస్తుశకము 1699 నాఁడే మొదలైనది. 2898లోఁ గలియే లేదు! ఒక చిల్లిని బూడ్చుటకుఁ ద్రవ్విన మన్ను ఇల్లంత గోతిని జేసినది. ఇచ్చట సమాధానమే యక్కఱలేదు. భారతమున దుష్యంతుఁడు శకుంతల నెఱిఁగియు నెఱుఁగననెను. కాళిదాసు దుర్వాసశ్శాపమును గల్పించి రాజును గాపాడెను. దానిని లోపమని యెవ్వఁడు ననఁడు. మూలముతో భేదించుట వేఱు, తనతోఁ దాను విరోధించుట వేఱు. కాలమును గుదించుట చిత్రకర్త కల్పన.

అశ్వత్థామ విషయము మఱింత రసవంతము. సౌప్తికపర్వమునఁ గృష్ణుఁ డిచ్చిన శాపము మూఁడువేల యేండ్ల సంచారము. చిత్రమున నది కల్కిమాతను రక్షించునంతవఱకు సాగును. ఇంతకును మూలమునందే చిక్కు గలదు: చిరంజీవులలో నశ్వత్థామ నెన్నుట లోకప్రసిద్ధము, రాఁబోవు సావర్ణిమన్వంతరమున సప్తర్షులలో నొకఁడగునని విష్ణుపురాణము. శాపమునకు గడువు కలదు గాని యాయువునకు లేదనిన నీ రెండును బొసఁగును. కావున మూఁడువేల యేండ్లు శాపము, తక్కిన మూఁడువేలు నిరీక్షణ మను సమాధానము గ్రంథములకు ననుకూలమే. చిత్రమునకు మాత్రము కాదు. అందు శాపమును నిరీక్షణమును ఒకటే.

ఇఁక విండ్లు. అశ్వత్థామ చేతికఱ్ఱయే కర్ణుని విజయధనుస్సని చిత్రాంతమునఁ దేలును. భైరవుఁడు దానిని బట్టినంతనే కర్ణుఁడగును. పరశురామదత్తమైన యా విల్లు ద్రోణపుత్రుని కెట్లు చేరెను? చిత్రము చెప్పదు. కర్ణునకుఁ బిమ్మట శల్యుఁడును, తుట్టతుద నశ్వత్థామయుఁ గౌరవసేనాపతులైరి. తొడలు విఱిగి పడియుండిన దుర్యోధనుఁడే యీతని నభిషేకింపించెను. తనవారి యాయుధములలో మిగిలినది కడపటి సేనానికిఁ జేరె ననుట సహజము. అర్థాపత్తికి నింతకంటె మంచి యుదాహరణము దొరకుట యరుదు. కర్ణుఁడు తల్లిని రక్షించి మఱుక్షణమున నామె నేల యపహరించె ననుదానికి, విల్లు చేతనున్నంతసేపే యాతఁడు కర్ణుఁ డను సమాధానమును చిత్రమునందే సాక్ష్యము గలది.

‘సమ్-80’ సంకేతము ఆంగ్లోచ్చారణమున సుమతియైన చమత్కారమునకుఁ గల్కిపురాణము మూలము; అందుఁ గల్కి తల్లి సుమతి, తండ్రి విష్ణుయశుఁడు. ఆమె యుత్తర పునర్జన్మమనియు, యాస్కిన్ కలిపురుషుఁడే యనియుఁ గొందఱు చెప్పుదురు. వీనిలో మొదటిది యశ్వత్థామ తాను హింసించిన గర్భమునకు బదులుగా గర్భమునే కాచుటలో నొక సౌందర్యము గలది. అయిన నది లేకున్నను గథ యేమియుఁ జెడదు, కనుక ననపేక్షితము. ఏ విరోధము వచ్చినను ఇది వేఱొక కల్పమని త్రోయువారును గలరు. కల్పభేదము పౌరాణికుల కడపటి యాయుధము. దానిచేత సర్వమును బొసఁగును. అందుచేతనే దేనికిని గారణము చెప్పినట్లు గాదు.

ఈ పరీక్ష వినోదమాత్రము గాదు. భారతమును చదువకమునుపే చిత్రమును జూచిన బాలురు బడులలోఁ గూర్చుండియున్నారు. వారికి మూలమేదో, చిత్రకల్పన యేదో, ప్రేక్షకుల యూహ యేదో యేకమై తోఁచును. గాండీవమునే చూడుఁడు. తుదిదృశ్యమున యాస్కిన్ దాని నెత్తును. మహాప్రస్థానికపర్వమున నగ్నిదేవుఁ డడ్డగించి, వరుణునిదగు విల్లును మరల నిమ్మనఁగా, నర్జునుఁడు దానిని, నక్షయతూణీరములను నీటఁ బడవైచెను. నీటిలోని విల్లు యాస్కిన్ చేతి కెట్లు వచ్చెనని విద్యార్థి యడిగినచో, గంగయే యెండిన లోకమున నీటిక్రింది వస్తువు బయల్పడుట వింత గాదని పండితుఁడు చెప్పవచ్చును. కాని మొదట వానిచే మహాప్రస్థానికము తెఱిపించి, యర్జునుఁడు విల్లు విడిచిన ఘట్టమును జదివింపవలెను. ధనంజయుఁడు లోభముచే నంతవఱకును దానిని విడువలేదని యచ్చటనే కలదు.