పాత పాట – క్రొత్త బాణీ

ఒకే గీతమును అనేకులు అనేక రీతుల పాడుట సంగీతలోకమున చిరకాలముగా నున్న ఆచారము. త్యాగరాజస్వామివారి కీర్తన ఒక్కటే. దానిని ఆలపించు విద్వాంసులు ఎందరో. ఒకరు విలంబకాలమున సాగింతురు. వేరొకరు సంగతులపై సంగతులు వేయుదురు. రసికులు ఇరువురినీ విని ఆనందింతురు. పాశ్చాత్యుల రాక్ సంగీతమునందును ఇట్టి పద్ధతి కలదు. ఒకరు తొలుత పాడి రికార్డుగా వెలువరించిన పాటను మఱియొకరు తమ ధోరణిలో మరల పాడినచో, దానిని ‘కవర్’ పాట యందురు.

పరుల పాటకు క్రొత్త బాణీ కూర్చి కీర్తి గడించి, ఆ నేర్పువలననే నిందలకు గురియైన గాయకుడు హోసే ఫెలిసియానో. అతడు 1945లో పోర్టోరికో ద్వీపమున జన్మించెను. పుట్టుకతోనే అంధుడు. అయిదేండ్ల ప్రాయమున కుటుంబముతో న్యూయార్కు నగరము చేరెను. రికార్డులనే గురువులుగా నెంచి గిటారు వాద్యమును స్వయముగా అభ్యసించెను.

‘డోర్స్’ అను అమెరికా రాక్ బృందము 1967లో ‘లైట్ మై ఫైర్’ అను పాట పాడి ప్రసిద్ధి కెక్కెను. మరుసటి యేట ఫెలిసియానో దాని నడక తగ్గించి, గిటారు మీటుచు, లాటిన్ అమెరికా లయను జోడించి పాడెను. శ్రోతలు ఆ మార్పును మెచ్చుకొనిరి. ఆ రికార్డు అమెరికా జనాదరణ పట్టికలో మూడవ స్థానము నందుకొనెను.

అదే సంవత్సరము అక్టోబరు 7వ తేదీన డిట్రాయిట్ నగరమున బేస్‌బాల్ ‘వరల్డ్ సిరీస్’ పోటీలలో అయిదవ ఆట జరిగెను. ఆటకు ముందు జాతీయగీతము పాడుట ఆ దేశపు ఆచారము. వ్యాఖ్యాత ఎర్నీ హార్వెల్ ఆహ్వానముపై ఇరువదిమూడేండ్ల ఫెలిసియానో వచ్చి, గిటారు మీటుచు, స్వరములను అక్కడక్కడ మార్చి, మెల్లగా ఆర్ద్రముగా ఆ గీతమును పాడెను.

ఆ కార్యక్రమమును ఎన్.బి.సి. అను టెలివిజన్ సంస్థ ప్రసారము చేసెను. దేశమందలి అనేక కేంద్రములు ఒక్కటిగా ముడివడి యుండుటచే, ఒక క్రీడారంగమున వినబడిన పాట తత్‌క్షణమే అసంఖ్యాకములగు ఇండ్లకు చేరెను. వెంటనే ఆ సంస్థకును, క్రీడారంగమునకును వేలకొలది ఫిర్యాదులు వచ్చిపడెను. ఆ సంవత్సరము వియత్నాం యుద్ధముచేతను, మార్టిన్ లూథర్ కింగు, రాబర్ట్ కెన్నెడీల హత్యలచేతను ప్రజల మనస్సులు కలతపడి యుండెను. జాతీయగీతమున చిన్న మార్పును సైతము కొందఱు సహింపలేకపోయిరి.

ఆ ఆక్షేపణలను పరిశీలింతము. జాతీయగీతపు స్వరములను మార్చరాదనుట ఆలోచింపదగిన అభిప్రాయమే. కాని కొందఱు అతని నల్లకండ్లద్దములను తప్పుపట్టిరి. అతడు అంధుడని వారెఱుగరు. అతనిని దేశమునుండి వెడలగొట్టవలెనని మఱికొందఱు కోరిరి. పోర్టోరికో వారికి 1917 నుండియే అమెరికా పౌరసత్వము కలదని వారు తలపరు. 1814లో ఫ్రాన్సిస్ స్కాట్ కీ రచించిన ఆ గీతమునకు అమరిన స్వరమే ఒక ఆంగ్ల సంఘమువారి పాటనుండి గైకొనబడినది. అది 1931లో గాని చట్టరీత్యా జాతీయగీతము కాలేదు. ఇక గాయకుని ఆశయమందురా? తన కవకాశ మొసగిన దేశమునకు కృతజ్ఞత తెలుపుటయే.

అయినను ఫలితము కఠినముగ నుండెను. కొన్ని రేడియో కేంద్రములు అతని పాటలు వేయుట మానివేసినవి. ఆహ్వానించిన హార్వెల్ సైతము నిందలు పడెను. కాని తాను చేసినది తప్పని యొప్పుకొనలేదు. మెచ్చినవారును లేకపోలేదు. ఆ గీతము రికార్డుగా వెలువడి అమ్ముడుపోయెను.

కాలము తీర్పు మార్చినది. హార్వెల్ 2010లో మరణింపగా, అతని స్మృత్యర్థము డిట్రాయిట్ జట్టువారే ఫెలిసియానోను పిలిపించి ఆ గీతమును పాడించిరి. 2018లో వాషింగ్టన్ నగరమందలి జాతీయ చరిత్ర ప్రదర్శనశాల అతని గిటారును స్వీకరించినది. ఆనాడచ్చట నూతనముగా పౌరసత్వము పొందుచున్నవారి యెదుట అతడు మరల ఆ గీతమునే ఆలపించెను.

ఫిర్యాదు చేయుట దోషము కాదు. బహుజనులకు వినిపించు సంస్థ, బహుజనుల మాట వినక తప్పదు. అయితే ఫిర్యాదు వ్రాయువాడు ఏ కార్యక్రమము, ఏ దినమున, ఏ లోపము అను విషయములను స్పష్టపఱుపవలెను. వ్యక్తి రూపమును గాక, జరిగిన పనినే విమర్శింపవలెను. అన్నిటికంటె ముందు, తనకు నచ్చనిది నిజముగా దోషమా, లేక చెవి కలవాటులేని క్రొత్తదనమా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఉత్తరము వ్రాయుటకు గడియ చాలును. దానివలన ఒకనికి కలుగు నష్టము తీరుటకు ఏండ్లు పట్టవచ్చును.