ధరలపై ఒక ప్రశ్న, విదేశాంగంపై ఒక ప్రశ్న: బజారులో రెండూ ఒకే పద్దు

పార్లమెంటు సమావేశాలు మొదలైతే చాలు, బజారులో ఊహాగానాలు ఊపందుకుంటాయి. నిత్యావసర వస్తువుల ధరలపై ప్రధాని ఏమన్నారు, ఆర్థిక మంత్రి ఏ హామీ ఇచ్చారు అని వర్తకులు ఆరా తీస్తారు. పక్క కాలమ్‌లో వచ్చే విదేశాంగ విధానంపై జవాబును మాత్రం చాలామంది చదవకుండానే పత్రిక మడిచేస్తారు. చాలాసార్లు నష్టానికి నాంది అక్కడే. ధరల పెరుగుదల, విదేశాంగ విధానం సభలో వేర్వేరు శాఖల కింద వచ్చే ప్రశ్నలు. సరకు కొని నిల్వ పెట్టుకున్న వర్తకుడి ఖాతాలో మాత్రం అవి రెండూ ఒకే పద్దు. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న తొలి రెండేళ్లలో, అంటే 1991-93 మధ్య, ఈ సంగతి తేటతెల్లమయింది.

కువైట్ నుంచి ఎరువుల కొట్టు దాకా

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. ముడిచమురు ధర భగ్గుమంది. గల్ఫ్‌లో పనిచేస్తున్న లక్షమందికి పైగా భారతీయులు స్వదేశానికి తరలివచ్చారు. వారు పంపే సొమ్ముకు గండిపడింది. చమురు కొనుగోలుకు డాలర్లు ఎక్కువ కావలసి వచ్చిన తరుణంలోనే డాలర్ల రాక తగ్గింది. 1991 వేసవి నాటికి దేశం వద్ద మిగిలిన విదేశ మారక ద్రవ్యం రెండు, మూడు వారాల దిగుమతులకు మించి సరిపోని స్థితి ఏర్పడింది. దిగుమతులను అదుపు చేయడానికి రిజర్వు బ్యాంకు నగదు మార్జిన్లను 200 శాతం దాకా పెంచింది. సరకు తెప్పించుకోదలచిన వర్తకుడు దాని విలువకు రెట్టింపు సొమ్ము బ్యాంకులో కట్టవలసి వచ్చిందన్న మాట.

1991 జూన్ 21న పి.వి. ప్రమాణ స్వీకారం చేశారు. ప్రభుత్వానికి సభలో సొంత మెజారిటీ లేదు. ప్రధాని అప్పటికి ఏ సభలోనూ సభ్యుడు కారు. నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చినది నవంబరులో. జూలై 1న ఒకసారి, 3న మరొకసారి రూపాయి విలువ తగ్గించారు. 21 రూపాయల ప్రాంతంలో ఉన్న డాలరు 26 రూపాయల దరిదాపులకు చేరింది. అదే నెలలో సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. ప్రభుత్వం లోక్‌సభ విశ్వాసం పొందినది జూలై 15న. అంటే ఆ ఏడాది ధరలను అన్నింటికన్నా ఎక్కువగా కదిలించిన నిర్ణయం, సభ విశ్వాసం పొందకముందే జరిగిపోయింది.

రూపాయి విలువ తగ్గితే మొదట తగిలేది దిగుమతి సరకులకు. పొటాష్ పూర్తిగా విదేశాల నుంచి రావలసిందే. భాస్వరం ఎరువులకు కావలసిన ముడి పదార్థాలు కూడా ఎక్కువ భాగం బయటివే. దిగుమతి ఖరీదు పెరగగా సబ్సిడీ బరువు ప్రభుత్వానికి మోయరానిదయింది. జూలై 24న ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో ఎరువుల ధర సగటున 40 శాతం పెరిగింది. పెట్రోలు, వంటగ్యాస్ ధరలు 20 శాతం పెరిగాయి. చౌక దుకాణాల పంచదారపై కిలోకు 85 పైసలు వడ్డించారు. ఇళ్లలో వాడే కిరోసిన్ ధర మాత్రం తగ్గించారు. ఆగస్టు నాటికి టోకు ధరల ద్రవ్యోల్బణం 16 శాతం దాటింది.

కువైట్‌లో యుద్ధం, ఢిల్లీలో డాలర్ల కొరత, రూపాయి పతనం, నంద్యాలలో ఎరువుల బస్తా ధర: ఇవన్నీ ఒకే గొలుసులోని లంకెలు. మొదటి లంకె విదేశాంగం. చివరి లంకె జీవన వ్యయం.

సభలో ఒత్తిడి, బజారులో గందరగోళం

ఎరువుల ధరపై ప్రతిపక్షాలే కాదు, అధికార పక్ష సభ్యులు కూడా సభలో పట్టుబట్టారు. ఆగస్టు మొదటి వారంలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పెంపు 40 శాతం నుంచి 30 శాతానికి దిగింది. సన్నకారు, చిన్నకారు రైతులకు అసలు పెంపు వర్తించదన్నారు.

రైతుకు ఇది ఊరట. డీలరుకు మాత్రం రెండు వారాలలో మూడు ధరలు చూడవలసి వచ్చింది. పాత ధర ఒకటి, బడ్జెట్ ధర ఒకటి, సడలించిన ధర మరొకటి. పైగా ఒకే బస్తాకు పెద్ద రైతుకు ఒక రేటు, చిన్న రైతుకు ఒక రేటు. బడ్జెట్ మరునాడు కొత్త ధరకు సరకు దింపుకున్నవారు చేయి కాల్చుకునే పరిస్థితి. చివరకు 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువులపై ధరల నియంత్రణ ఎత్తివేశారు. యూరియా ధర 10 శాతం తగ్గించారు. డీఏపీ, పొటాష్ ధరలు ఎగబాకగా రైతులు యూరియా వైపు మొగ్గారు. ఏ సరకు కదులుతుందో, ఏది కొట్టులో మూలుగుతుందో ఒక్క నిర్ణయంతో తారుమారయింది.

రూబుల్ లెక్క, గుంటూరు గోదాము

ఎరువుల సంగతి దిగుమతి వైపుది. ఎగుమతి వైపు దెబ్బ తగిలింది పొగాకుకు. సోవియట్ యూనియన్‌తో భారత్ వ్యాపారం దశాబ్దాల తరబడి రూపాయలలోనే సాగింది. డాలర్ల బెడద లేదు. చమురు, యంత్రాలు, ఆయుధాలు అటునుంచి రాగా, తేయాకు, పొగాకు, మిరియాలు, జీడిపప్పు వంటివి ఇటునుంచి పోయేవి. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడినప్పటి నుంచీ ఆంధ్ర వర్జీనియా పొగాకుకు మాస్కో ఒక పెద్ద గిరాకీ.

1991 ఆగస్టులో మాస్కోలో గోర్బచేవ్‌పై తిరుగుబాటు జరిగింది. తొందరపాటు సంస్కరణలకు ఇది హెచ్చరిక అన్న అర్థం వచ్చేలా ప్రధాని చేసిన వ్యాఖ్య విమర్శలకు గురయింది. మూడు రోజులలో ఆ తిరుగుబాటు విఫలమయింది. డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. అంతవరకు టోకున కొన్న ప్రభుత్వ సంస్థల స్థానంలో చేతిలో డాలర్లు లేని కొత్త కొనుగోలుదారులు మిగిలారు. ఆ గిరాకీని నమ్ముకుని సరకు కట్టినవారికి బేళ్లు గోదాములోనే ఉండిపోయే గండం వచ్చిపడింది. బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు కదా.

భారత్ చెల్లించవలసిన పాత అప్పును ఏ రూబుల్ రేటుతో లెక్కకట్టాలన్నది అప్పటి వివాదం. పైకి ఇది రాయబారుల తగవుగా కనిపించింది. 1992 మార్చి ఆఖరు నుంచి 1993 జనవరి దాకా విదేశాంగ శాఖ ప్రధాని చేతిలోనే ఉంది. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు ఎల్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు ఒప్పందం కుదిరింది. అప్పులో అధిక భాగాన్ని 12 ఏళ్లలో, మిగిలినదాన్ని 45 ఏళ్లలో రూపాయలలో తీర్చాలన్నారు. ఆ రూపాయలతో రష్యా భారత సరకులు కొనుక్కోవాలి. అప్పు వాయిదా అంటే గుంటూరుకు, తేయాకు తోటలకు ఏటా కొంత గిరాకీ అన్నమాట. విదేశాంగంపై జవాబు చదవని వర్తకుడికి ఈ కిటుకు అందదు.

జవాబును చదవడం ఎలా?

సభలో వచ్చే మాటలన్నింటికీ బరువు ఒకటే కాదు. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్రం గుర్తు ఉంటుంది. వాటికి మంత్రి నోటిమాటగా జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకు సిద్ధపడాలి. నక్షత్రం లేని 230 ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానం సభ ముందుంచుతారు. నిల్వలు, దిగుమతులు, సుంకాల వంటి అంకెలు ఈ రెండో రకంలో దండిగా దొరుకుతాయి. వర్తకులకు పనికొచ్చేవి చాలావరకు అవే. ధరల ప్రశ్నలు ఆర్థిక, పౌర సరఫరాల వంటి శాఖలకు పోతాయి. ప్రశ్నోత్తరాలలో ప్రధాని వంతుకు వచ్చేవి తన చేతిలోని శాఖలే. ధరలు, విదేశాంగం రెండింటిపైనా ఆయన ఒకేసారి మాట్లాడేది రాష్ట్రపతి ప్రసంగంపై చర్చకు సమాధానమిచ్చే వేళ. ఆ ప్రసంగాన్ని పూర్తిగా చదవడం మేలు.

ఇక మాటల తీరు. ‘ప్రతిపాదన ఏదీ లేదు’ అంటే ఆ రోజుకు లేదనే. ‘పరిశీలనలో ఉంది’ అంటే హామీ కిందకు వస్తుంది. మూడు నెలలలో తేల్చాలి, ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని వెంటాడుతుంది. అయితే ఏ జవాబూ ఉత్తర్వు కాదు. ఉత్తర్వు వచ్చేది గెజిట్‌లో, విదేశీ వాణిజ్య డైరెక్టర్ జనరల్ నోటిఫికేషన్‌లో, రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌లో.

తర్వాతి కాలం కూడా ఇదే రుజువు చేసింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తర్వాత, మే 13న గోధుమల ఎగుమతిని నిషేధించారు. అప్పుడు పార్లమెంటు సమావేశాలే లేవు. ఆ నాటికే తిరుగులేని లెటర్ ఆఫ్ క్రెడిట్ చేతిలో ఉన్నవారి సరకుకు మినహాయింపు దొరికింది. నోటిమాటపై బేరం కుదుర్చుకున్నవారికి దొరకలేదు. 2023 జూలై 20న బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిపై నిషేధం విధించారు. వర్షాకాల సమావేశాల మొదటి రోజు కూడా అదే. నిషేధం తెలిసింది సభలో జవాబు ద్వారా కాదు, నోటిఫికేషన్ ద్వారా. కాకినాడ రేవు మీద ఆధారపడిన మిల్లర్లు, ఎగుమతిదారులు 2024 సెప్టెంబరు ఆఖరులో దాన్ని ఎత్తివేసేదాకా వేచి ఉండవలసి వచ్చింది.

ధరలపై ప్రధాని జవాబు జరిగిపోయినదాన్ని వివరిస్తుంది. విదేశాంగంపై జవాబు రాబోయే గిరాకీ, కొరతల జాడ చెబుతుంది. మొదటిది చదివి నిల్వలు పెంచడం, రెండోది చదవకుండా బయానాలు ఇవ్వడం అనుభవజ్ఞుల పద్ధతి కాదు. ఏ దేశపు సరకు, ఏ దేశపు సొమ్ము తన బేరంలో ఉన్నదో తెలిసిన వర్తకుడు సభావార్తలను రెండు కాలమ్‌లుగా చదవడు, ఒకటిగానే చదువుతాడు. ఆ పైన గెజిట్ వచ్చేదాకా చేయి నిలుపుకుంటాడు.