నిందకుడు, నింద్యుడు

ఇంగ్లీషున 'కంటెంప్ట్' అనగా తిరస్కారము. దానినుండి పుట్టిన 'కంటెంప్చుయస్', 'కంటెంప్టిబుల్' అను విశేషణములను మనవారు తఱచుగా తారుమారు చేయుదురు. మొదటిది తిరస్కరించువానికి, రెండవది తిరస్కారమునకు దగినవానికి చెల్లును. సంస్కృతము చదివిన శ్రోతలకిది సులభము: నిందకుడు వేఱు, నింద్యుడు వేఱు. నింద్యశబ్దమందలి కృత్యప్రత్యయమునకు పాణిని అర్హార్థమును గూడ విధించెను; ఇచ్చటి 'ఇబుల్' అట్టిదే.

కేంబ్రిడ్జిలో గ్రీకు ఆచార్యుడైన రిచర్డ్ పోర్సన్ (1759–1808) తో వాదించి యోడినవాడొకడు, మిమ్ము గూర్చి నా యభిప్రాయము 'కంటెంప్టిబుల్' అనెనట. మీ యభిప్రాయములలో నట్లు కానిదానిని నేనెఱుగనని యాయన బదులు చెప్పెనందురు.

అది నవ్వులతో పోయినది. అర్జీలో నట్లు పోదు. నాయొద్ద చదివిన గుమాస్తా యొకడు, పైయధికారి తన్ను చులకన చేయుచున్నాడని మొఱపెట్టబోయి, ఆయనను 'కంటెంప్టిబుల్' అని వ్రాసెను. అధికారి నీచుడని తిట్టినట్లయినది! మొఱ మూలబడి, సంజాయిషీ కోరుచు తాఖీదు వచ్చినది. 'కంటెంప్చుయస్' అనియుండిన, అది విచారింపదగిన ఫిర్యాదుగా నిలిచెడిది.

విభక్తి విషయ మొకటి కలదు. మనుష్యునియెడ 'కంటెంప్ట్' అనునపుడు దాని తరువాత 'ఫర్' వ్రాయుట వాడుక, న్యాయస్థానధిక్కారమునకు 'ఆఫ్'. 1971 నాటి భారత చట్టము పేరును 'కంటెంప్ట్ ఆఫ్ కోర్ట్స్ యాక్టు' అనియే. 'కంటెంప్చుయస్' తరువాత మాత్రము ఎల్లయెడల 'ఆఫ్' వ్రాయవలెను.