జ్వరం వస్తే సెలవు... అడగాలా, తెలియజేయాలా?

మన పాఠశాలల్లో విద్యార్థి రాయడం నేర్చుకునే తొలి లేఖల్లో సెలవు చీటీ ఒకటి. జ్వరంతో బాధపడుతున్నందున రెండు రోజులు సెలవు మంజూరు చేయవలసిందిగా 'ప్రార్థించే' ఆ ధోరణి ఉద్యోగంలో చేరిన తరువాత కూడా మనల్ని వదిలిపెట్టదు. అనారోగ్య సెలవు అధికారి దయతో లభించేదన్న భావన మన కార్యాలయాల్లో బలంగా నాటుకుపోయింది. పెళ్లికి వెళ్లేవారు సైతం జ్వరమని రాసి ఇవ్వడం కొత్తేమీ కాదు కనుక, నిజంగా మంచం పట్టినవారిని కూడా పైఅధికారులు అనుమానంగానే చూస్తారు. ఈ అలవాటుతో విదేశాలకు వెళ్లేవారికి అక్కడి పద్ధతులు ఒక పట్టాన అంతుపట్టవు.

జర్మనీనే తీసుకుంటే, నిపుణులైన భారతీయులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచనున్నట్లు ఆ దేశం 2024 అక్టోబరులో ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ భాష నేర్పించి మరీ నర్సులను అక్కడికి పంపుతోంది. ఆ దేశంలో జబ్బుపడిన ఉద్యోగి సెలవు అడగడు. పనికి రాలేనని, ఎన్ని రోజులు పట్టవచ్చునో వెంటనే తెలియజేస్తాడు. అనారోగ్యం మూడు రోజులకు మించితే డాక్టరు ధ్రువపత్రం కావాలి. యాజమాన్యం కోరితే అంతకన్నా ముందే చూపాలి. ప్రభుత్వ ఆరోగ్య బీమా గల ఉద్యోగుల ధ్రువపత్రాన్ని 2023 జనవరి నుంచి యాజమాన్యమే బీమా నిధి నుంచి కంప్యూటర్ ద్వారా తెప్పించుకుంటోంది.

యజమానికి అందే ఆ పత్రంలో జబ్బు పేరు ఉండదు. జ్వరం ఎన్ని డిగ్రీలున్నదీ, ఏ మాత్ర వేసుకున్నదీ అధికారికి వివరించడం మనకు మర్యాద. అక్కడ అది అనవసర ప్రసంగం. దగ్గుతూ, తుమ్ముతూ విధులకు హాజరైతే కార్యదీక్ష అని మెచ్చుకోకపోగా, తోటివారికి అంటించడానికి వచ్చావా అన్నట్లు చూస్తారు.

ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు నిండినవారికి ఆరు వారాల వరకు యాజమాన్యం పూర్తి జీతం చెల్లించాలి. ఆ తరువాత బీమా నిధి స్థూల వేతనంలో 70 శాతం భృతి ఇస్తుంది. అది నికర వేతనంలో 90 శాతానికి మించరాదు. వార్షిక సెలవులో ఉండగా జబ్బు చేస్తే, ధ్రువపత్రం ఉన్నట్లయితే ఆ రోజులు సెలవు ఖాతాలో తగ్గవు. మనవారు ఒకటికి రెండుసార్లు అడిగి నిర్ధారించుకోదగిన నిబంధన ఇది.

ఈ హక్కులు ఊరకే రాలేదు. బిస్మార్క్ హయాంలో 1883లోనే ఆరోగ్య బీమా చట్టం వచ్చినా, జీతం విషయంలో కార్యాలయ ఉద్యోగులకున్న రక్షణ కార్మికులకు లభించలేదు. దానికోసం ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో 30 వేలమందికి పైగా లోహ పరిశ్రమ కార్మికులు 1956 అక్టోబరు నుంచి 114 రోజులు సమ్మె చేశారు. 1996లో కోల్ ప్రభుత్వం అనారోగ్య వేతనాన్ని 80 శాతానికి కుదించగా, ష్రోడర్ ప్రభుత్వం 1999లో పునరుద్ధరించింది. జబ్బు చేసిన మొదటి రోజుకు జీతం ఇవ్వరాదని అలియాంజ్ బీమా సంస్థ అధిపతి ఒలివర్ బేటె 2025 జనవరిలో సూచించడంతో వివాదం మళ్లీ రాజుకుంది.

అక్కడి నుంచి టోక్యోకు బదిలీ అయిన ఇంజనీరు నేర్చుకున్నదంతా మరచిపోవలసి ఉంటుంది. జీతంతో కూడిన అనారోగ్య సెలవును ప్రత్యేకంగా ఇవ్వాలని జపాన్ చట్టం నిర్దేశించలేదు. జలుబు చేసినా చాలామంది వార్షిక సెలవునే వాడుకుంటారు. తిరిగి వచ్చాక, శ్రమ కలిగించినందుకు సహోద్యోగులకు క్షమాపణ చెప్పుకుంటారు. ఉద్యోగుల ఆరోగ్య బీమా కింద వేతనంలో మూడింట రెండు వంతుల భృతి ఉన్నా, వరుసగా మూడు రోజులు మానితే తప్ప అది మొదలు కాదు.

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కూలీల సమస్య వేరు. అక్కడి చట్టాలు కాగితం మీద ఉదారంగానే ఉన్నాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2021లో తెచ్చిన కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ ముగిసినవారికి ఏడాదికి 90 రోజుల అనారోగ్య సెలవు ఉంటుంది. మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తరువాత 30 రోజులకు సగం జీతం. మిగిలిన 45 రోజులకు జీతం ఉండదు. సౌదీ అరేబియాలో 30 రోజులు పూర్తి జీతం, ఆపై 60 రోజులు ముప్పాతిక జీతం లభిస్తాయి.

అయినా ఒళ్లు కాలిపోతున్నా పనికి వెళ్లేవారు అనేకులు. జీతం దక్కినా ఓవర్‌టైమ్ పోతుంది. ఊళ్లో వీసా కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ ఆగదు. యజమానికి కోపం వస్తే ఉద్యోగంతోపాటు దేశంలో ఉండే అనుమతి కూడా పోతుందన్న భయం వెన్నాడుతుంది. ఎండల్లో పనిచేసే కార్మికునికి ఈ మొండితనం ప్రాణాంతకం కావచ్చు. ఎమిరేట్స్‌లో జబ్బు సంగతి మూడు పనిదినాల్లోగా యజమానికి తెలియజేసి, వైద్య నివేదిక సమర్పించాలి. ఈ గడువు సంగతి తెలియక గదిలోనే ముసుగుతన్ని పడుకున్నవాడు గైర్హాజరు కింద జమకట్టబడి, రావలసిన జీతాన్నీ పోగొట్టుకునే ప్రమాదం ఉంది.