అమ్మా... నేనొచ్చేస్తా!

శనివారం సాయంత్రం తిరుపతి బస్టాండులో చిత్తూరు, పలమనేరు బస్సుల దగ్గర నిలబడితే ఫస్టియర్ పిల్లల్ని ఇట్టే పోల్చుకోవచ్చు. సంచిలో మాసిన బట్టలు, మొహంలో పండగ. ఆదివారం రాత్రి తిరుగు బస్సులో చూడాలి వాళ్లను! ఒళ్లో చెనక్కాయల పొడి డబ్బా... నోట మాటుండదు.

తిరుపతికి ఇది కొత్తేం కాదు. 1945లో ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ, 1954లో ఎస్వీ యూనివర్సిటీ పెట్టినప్పటి నుంచీ పల్లెల పిల్లలు పెట్టె సర్దుకుని వస్తూనే ఉన్నారు.

బెంగ ఇంటి మీదే కాదు. ఇంటర్‌లో రాత్రిదాకా 'చదువు... చదువు' అని వెంటపడ్డవాళ్లు ఇక్కడ ఉండరు. లెక్చరర్ పాఠం చెప్పి వెళ్లిపోతారు. అదీ ఇంగ్లిష్‌లో! డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లిష్ మీడియానికి మారాలని రాష్ట్రంలో 2021లో నిర్ణయించారు. తెలుగులో ఇంటర్ చదివినవాళ్లకు మొదటి నెలంతా సౌండ్ పోయిన సినిమానే. తెలివి తక్కువై కాదు, పదాలు తెలియక. రోజుకో పది మాటలకు అర్థాలు రాసుకుని, మిగిలింది క్లాసయ్యాక అడిగేయాలి. తెలుగు మీడియం నుంచే వచ్చిన సీనియర్ దొరికితే మరీ మంచిది. సీనియర్లందరూ ఏడిపించేవాళ్లేం కాదు. ఏడిపిస్తే మాత్రం ఊరుకోవద్దు. ర్యాగింగ్ నేరమని మన రాష్ట్రంలో 1997లోనే చట్టం చేశారు. యూజీసీ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522.

ఇక అమ్మానాన్నలకో మాట. తిండి మానేసిందనో, గదిలోంచి కదలడం లేదనో తెలిస్తే వెంటనే బస్సెక్కండి. ఉత్త బెంగే అయితే, 'నేనొచ్చేస్తా' అనగానే 'వచ్చేయ్ తల్లీ' అనేయకండి. 'తిన్నావా?' అన్నాక, 'పక్క మంచం పిల్లది ఏ ఊరు?' అని కూడా అడగండి.

'తెలీదు... రేపు అడిగి చెప్తాలే' అంటుంది.