రోము చక్రవర్తి నాణెం మీద ముగ్గురు చెల్లెళ్లు ఎందుకు?

నాణెం మీద ఏలేవాడి బొమ్మ ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ క్రీ.శ. 37–38లో కలిగులా చక్రవర్తి వేయించిన సెస్టర్షియస్ నాణేన్ని వెనక్కి తిప్పి చూడండి. ముగ్గురు స్త్రీలు పక్కపక్కన నిలబడి ఉంటారు. ముగ్గురి చేతుల్లోనూ పళ్లతో నిండిన కొమ్ము. ఎడమ పక్క ఆమె స్తంభానికి ఆనుకుని, నడుమ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కుడి పక్క ఆమె చేతిలో ఓడ చుక్కాని. స్తంభం భద్రతా దేవత గుర్తు, చుక్కాని అదృష్ట దేవతది, నడుమ ఉన్నది సామరస్య దేవత. అయితే పైన చెక్కిన పేర్లు దేవతలవి కావు: అగ్రిప్పినా, డ్రుసిల్లా, జూలియా. ముగ్గురూ చక్రవర్తి చెల్లెళ్లు.

ఎందుకిలా? రాజు కొడుకే రాజు అనే చట్టం రోములో లేదు. మొదటి చక్రవర్తి అగస్టస్ కాలం నుంచీ పైకి గణతంత్రం, లోపల వంశపాలన. చట్టం ఇవ్వని హక్కును జనం కళ్లకు అలవాటు చెయ్యాలి. కలిగులాకు యుద్ధాలు గెలిచిన పేరు లేదు. ఉన్న పెద్ద బలం తల్లి వైపు నుంచి వచ్చిన అగస్టస్ రక్తం. అప్పటికి పిల్లలు కూడా లేరు. రేపటి వారసుడు ఈ చెల్లెళ్ల కడుపున పుట్టవచ్చునని నాణెం ముందే చెప్పిందని నా అభిప్రాయం. జరిగిందీ అదే. 37 డిసెంబరులో అగ్రిప్పినాకు పుట్టిన నీరో 54లో చక్రవర్తి అయ్యాడు.

బంగారం ఉండగా కంచు మీద ఎందుకు? మాటకు కంచు అంటాం గానీ సెస్టర్షియస్ నిజానికి ఇత్తడి. దాదాపు 35 మిల్లీమీటర్ల బిళ్ల, అటూఇటూగా 25 గ్రాముల బరువు. ముగ్గురు మనుషులూ వాళ్ల పేర్లూ పట్టాలంటే అంత జాగా కావాలి. పైగా నాలుగు కలిస్తేనే ఒక వెండి డినారియస్. రోజువారీ కొనుగోళ్లలో చేతులు మారే డబ్బు ఇది. నాణెం తయారీ ఇలా ఉండేది: బొమ్మను తిరగేసి చెక్కిన అచ్చును దిమ్మెలో బిగించి, దానిమీద బిళ్ల, ఆపైన రెండో అచ్చు పెట్టి సుత్తితో కొట్టేవారు.

మరి ఇంట్లో తగువులొస్తే? డ్రుసిల్లా 38లోనే చనిపోయింది. మిగతా ఇద్దరినీ 39లో అన్నే దీవులకు వెళ్లగొట్టాడు. 41లో కలిగులా హతమయ్యాక, ఆయన ముఖమున్న కంచు నాణేలను కరిగించాలని సెనేట్ తీర్మానించిందని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. అయినా ఎన్నో మిగిలాయి.

ఇంటి తగువు నాణెం దాకా రావడం తర్వాత కూడా జరిగింది. 211లో చక్రవర్తి కారకల్లా తన తమ్ముడు గెటాను చంపించి, అతని గుర్తులన్నీ తుడిచెయ్యమన్నాడు. చిన్న ఆసియాలోని స్ట్రాటోనికేయా నగరపు కంచు నాణేల్లో అన్నదమ్ములు ఎదురెదురుగా ఉంటారు. కొన్నిటిలో అన్న ముఖం అలాగే ఉంది. తమ్ముడి ముఖం ఉండాల్సిన చోట గీకేసిన మచ్చ. నాణెం చెల్లుబాటు పోకుండా మనిషిని మాత్రం తీసేశారు. వాళ్లిద్దరి తల్లి జూలియా డామ్నా అప్పటికి బతికే ఉందని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఈ కుటుంబాలు తెలుగు నేలకు వచ్చాయా? వచ్చాయి, వెండి మీద. నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి నాణేలు దొరికాయి. భారతదేశానికి ఎక్కువగా చేరిన అగస్టస్ నాణెం మీద ఆయన దత్తత తీసుకున్న మనవలు గయస్, లూషియస్ డాళ్లతో నిలబడి ఉంటారు. కంచు నాణెం రోము ప్రభుత్వం మాట మీద చెల్లేది. సముద్రం దాటాక లోహం విలువే లెక్క. అందుకే ఆనాటి వర్తకం వెండితోనూ బంగారంతోనూ నడిచింది.