గడిలోంచి గోడ మీదికి

మాదన్నపేటలో ఒక ఖాళీ గోడ ఉందనుకోండి. ఆ పేటకు పేరైన గోల్కొండ ప్రధాని, 1686లో హత్యకు గురైన మాదన్న ముఖాన్ని దాని మీద రంగుల్లో వేయాలి. చేతిలో ఉన్నది 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తున్న చిన్న పటం. గోడేమో 12 అడుగులు, 16 అడుగులు.

పెయింటర్ ముందుగా కుంచె పట్టడు. పటం మీద అర అంగుళానికో గీత గీస్తాడు. గోడ మీద అడుగుకో గీత వేస్తాడు. రంగుపొడి అద్దిన దారాన్ని ఇద్దరు చెరోవైపు బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. పటంలోనూ గోడ మీదా 192 గళ్లే. పొడవు 24 రెట్లు, వైశాల్యం 576 రెట్లు పెరిగింది. పటం చూడటంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే గోడ మీద కనురెప్ప దాదాపు అంగుళం జారిపోతుంది. కానీ ఆ తప్పు ఆ గడి దగ్గరే ఆగుతుంది, పక్క గడికి పాకదు. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది.

దారం పని చాలా పాతది. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు ఎర్రరంగులో ముంచిన దారంతో సమాధుల గోడల మీద గళ్లు కొట్టారు. నిలబడిన మనిషికి అరికాలి నుంచి నుదుట జుట్టు మొదలయ్యే చోటుదాకా 18 గళ్లు. పూర్తికాని సమాధుల్లో ఆ ఎర్రగీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1435లో ఇటలీ పండితుడు ఆల్బెర్టీ, దారాలతో గళ్లు కట్టిన పలుచని తెరలోంచి మనిషిని చూసి బొమ్మ గీయమన్నాడు. మన సినిమా బ్యానర్ల పెయింటర్లు స్టిల్ ఫొటోకు గళ్లు కొట్టి, హీరో ముఖాన్ని హాలు ముందు నిలబెట్టారు. ఫ్లెక్సీ ప్రింటింగ్ వచ్చి ఆ పనిని మింగేసింది.

ఆ గళ్లను చెరిపేయకుండా బొమ్మలోనే ఉంచి, వాటికే అందం తెచ్చినవాడు అమెరికా చిత్రకారుడు చక్ క్లోజ్. 1967-68లో ఆయన నలుపు తెలుపుల్లో వేసుకున్న సొంత ముఖం ఎత్తు దాదాపు 9 అడుగులు. తర్వాతి చిత్రాల్లో ఒక్కో గడిలో రంగురంగుల వలయాలు, గుండ్రాలు నింపాడు. ఎదుటివారి ముఖాలు గుర్తుపట్టలేని లోపం ఆయనకు పుట్టుకతోనే ఉంది. కదలని ఫొటోను గడి గడిగా విడదీస్తే మాత్రం ఆ ముఖం ఆయనకు చిక్కేది. 1988 డిసెంబరు 7న వెన్నులో రక్తనాళం దెబ్బతిని శరీరం చచ్చుబడింది. కుంచెను చేతికి కట్టించుకుని, మోటారుతో పైకీ కిందికీ కదిలే ఈజిల్ సాయంతో 2021లో మరణించే వరకూ ముఖాలు వేశాడు.

దగ్గర నుంచి చూస్తే గుండ్రాలు, దూరం నుంచి చూస్తే ముఖం. ఎందుకిలా? దూరం జరిగేకొద్దీ చిన్న వివరాలు కంటికి కలిసిపోయి, పెద్ద వెలుగునీడలే మిగులుతాయి. ముఖాన్ని పోల్చుకోవడానికి మెదడుకు అవి చాలు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన లియోన్ హార్మన్ 1973లో అబ్రహాం లింకన్ ముఖాన్ని కొన్ని వందల చదరాలుగా మార్చి ఈ సంగతిని చూపించాడు.

ఇంట్లో అమ్మమ్మ ఫొటోను జిరాక్సు తీయించి అర అంగుళం గళ్లు గీయండి. చార్టు మీద రెండంగుళాల గళ్లు వేయండి. జిరాక్సును తలకిందులు చేస్తే ఇంకా మంచిది, ముఖం కాకుండా గీతలే కనిపిస్తాయి. పిల్లలతో కలిసి రోజుకు నాలుగు గళ్లు నింపండి. అన్నీ నిండాక చార్టును గోడకు అంటించి, పదడుగులు వెనక్కి నడిచి చూడండి.